ఎగతాళికి ఉంచిన పిస్తోలు

మా కౌంటీలో మగవాడు బూట్లు కొనేటప్పుడు రెండు కాళ్ళకూ తొడిగి, దుకాణంలో ఈ చివరి నుంచి ఆ చివరికి నాలుగుసార్లు నడిచి, అప్పటికీ తృప్తి కలగకపోతే మరో జత తెప్పించుకుంటాడు. అదే మగవాడు తన భార్యకో, తోబుట్టువుకో ప్రాణరక్షణ కోసం పిస్తోలు కొనవలసి వచ్చినప్పుడు మాత్రం గాజుపెట్టె మీదికి వంగి, రంగు చూసి, "ఇది ముద్దుగా ఉంది" అంటాడు. స్లేట్ క్రీక్ షూటింగ్ క్లబ్బులో పంతొమ్మిదేళ్ళపాటు నెలకొక శనివారం తుపాకి పర్మిట్ తరగతి నడిపినవాడిగా ఈ మాట రాస్తున్నాను. అంతకు ముందు ముప్పై ఒక్క ఏళ్ళు ఈ కౌంటీ హైస్కూల్లో జ్యామితి బోధించాను, అందులో చివరి తొమ్మిదేళ్ళు ప్రిన్సిపాలుగా కూడా ఉన్నాను. కాబట్టి తుపాకి పట్టుకుని నా ముందు నిలబడే మగవాళ్ళలో సగం మంది, ఒకప్పుడు త్రిభుజంలోని మూడు కోణాలు కలిపితే ఎంతో చెప్పలేక నా ముందు నిలబడినవాళ్ళే. వయసు వారిలో చెప్పుకోదగ్గ మార్పేమీ తేలేదు.

డెన్నీ కాల్‌హూన్ ఆ కోవకు చెందినవాడు. పట్టణంలోని తుపాకుల దుకాణంలో గాజుపెట్టె వెనుక అతను నిలబడటం మొదలుపెట్టి పన్నెండేళ్ళయింది. ఆడమనిషి లోపలికి వస్తే చాలు, అతని చేయి దానంతట అదే అన్నిటికన్నా చిన్న పిస్తోళ్ళున్న అరలోకి వెళుతుంది. చిన్న చేతికి చిన్న తుపాకి అన్నది డెన్నీకి తెలిసిన ఏకైక సిద్ధాంతం. బరువు తగ్గిన కొద్దీ పిస్తోలు చేతిని మరింత గట్టిగా తంతుందనీ, పిడి పొట్టిదైన కొద్దీ వేళ్ళకు పట్టు దొరకదనీ, స్ప్రింగు కురచదైన కొద్దీ తూటా ఎక్కేలా పైనుండే స్లైడును వెనక్కి లాగడానికి ఎక్కువ బలం కావాలనీ అతనికి ఎవరూ చెప్పలేదని అనడానికి లేదు. నేనే చెప్పాను, మూడుసార్లు. మూడుసార్లూ "అవును సార్" అన్నాడు. హైస్కూల్లో కూడా అలాగే అనేవాడు.

వెర్లీన్ స్ట్రౌడ్ నాకు ఫోన్ చేసింది ఫిబ్రవరి నెలాఖరులో. ఆమెకు అప్పటికి యాభై ఆరేళ్ళు. మూడు కౌంటీల్లో పియానోలకు శృతి చేయడం ఆమె వృత్తి. చర్చిల్లో, బడుల్లో, రోడ్డుకు రెండు మైళ్ళు లోపల ఉండే పొలాల ఇళ్ళలో ఒంటరిగా పని చేసుకుని, తన బండిలో ఒంటరిగా తిరిగి వచ్చేది. విద్యార్థినిగా ఉన్నప్పుడు ఆమెను నువ్వు అన్నాను. స్కూలు హాలులోని పియానోకు శృతి చేయడానికి సంచి పట్టుకుని వచ్చిన రోజు నుంచి మీరు అంటున్నాను. పని చేస్తున్నంతసేపూ ఆమె నోట ఒక్క మాట వచ్చేది కాదు. నేను గౌరవించే గుణాల్లో అది మొదటిది.

"మార్చి పధ్నాలుగు తరగతిలో నాకు చోటుందా సార్?" అని అడిగింది.

"ఉంది. ఎందుకని అడగవచ్చా?"

"పదహారో తారీకు రాయిస్‌ని వదిలేస్తున్నారు."

రాయిస్ ఆమె మాజీ భర్త. అంతకు ముందు అక్టోబరులో ఆమె వంటింటి తలుపును గొడ్డలితో పగలగొట్టి కౌంటీ జైలుకు వెళ్ళాడు. ఆమె దరిదాపులకు రాకూడదని జడ్జి ఉత్తర్వు ఇచ్చాడు. అలాంటి ఉత్తర్వు అంతకు ముందు కూడా ఒకటి ఉండేది. తలుపు పగిలినప్పుడు అది ఆమె బల్ల సొరుగులోనే ఉంది.

ఆ రోజుల్లో మా రాష్ట్రంలో పర్మిట్ లేకుండా దుస్తుల కింద తుపాకి ధరించడం నేరం. తరగతికి హాజరై, ఏడు గజాల దూరాన ఉన్న మనిషి బొమ్మ మీద ఇరవై తూటాలు కాల్చి, పదిహేను తగిలిస్తే శిక్షకుడు సర్టిఫికెట్ మీద సంతకం పెడతాడు. ఆ సర్టిఫికెట్‌తో సోమవారం పొద్దున్నే వస్తే దరఖాస్తు అదే రోజు చూస్తానని షెరీఫ్ ఆమెకు మాట ఇచ్చాడు. తప్పితే మళ్ళీ ఏప్రిల్ తరగతిదాకా ఆగాలి. ఆ నెల రోజులూ ఆమె ఏ రోడ్ల మీద, ఏ వేళకు, ఏ ఇంటికి వెళుతుందో రాయిస్‌కు కంఠస్థం.

రాష్ట్రం కోరేది అంతవరకే. నేను కోరేది ఇంకొకటి ఉండేది. క్లబ్బు గోడ మీద, నా చేతివ్రాతతో, అద్దం బిగించిన చట్రంలో అది వేలాడేది: "పూర్తి శక్తి గల నైన్ మిల్లీమీటర్ తూటాకు తక్కువైన దేనితోనూ ఈ తరగతిలో ఎవరికీ సర్టిఫికెట్ ఇవ్వబడదు." పనికిరాని ఆయుధంతో ధీమాగా తిరిగే మనిషి ఆయుధం లేని మనిషి కంటే ప్రమాదంలో ఉంటాడని నా అభిప్రాయం. ఆ వాక్యాన్ని రాష్ట్రమంతటా శిక్షకులు మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను.

ఆ శనివారం పొద్దున గాలి చల్లగా వీస్తోంది. మైదానమంతా బురద. తరగతికి ఎనిమిది మంది వచ్చారు. వెర్లీన్‌తోపాటు ఆమె తమ్ముడు గార్లండ్ కూడా దిగాడు. అతను తరగతిలో చేరలేదు. అక్కకు సలహాలివ్వడానికి వచ్చాడు. నడుముకు, కోటు పైనుంచి కనిపించేట్టుగా, పెద్ద పిస్తోలొకటి తగిలించుకున్నాడు. చేతిలో ప్లాస్టిక్ డబ్బా ఉంది.

"చూడండి సార్, ఎంత బుజ్జిగా ఉందో!" అంటూ డబ్బా తెరిచాడు. లావెండర్ రంగు పిడితో, నా అరచేతిలో సగానికి కూడా రాని పిస్తోలు. "నైనే సార్, అసలు సిసలు నైన్. బరువు పదిహేను ఔన్సులు. హ్యాండ్‌బ్యాగులో పడేస్తే ఉన్నట్టే తెలీదు."

"నా భయమూ అదే గార్లండ్. అవసరమైన నిమిషంలో కూడా ఉన్నట్టు తెలియదు."

"మీరు మారలేదు సార్," అని నవ్వాడు.

"నువ్వూ మారలేదు."

వెర్లీన్ డబ్బావైపు చూడను కూడా చూడలేదు. "నన్నడిగి కొనలేదు సార్. రంగు కాగితం చుట్టి, రిబ్బను కట్టి తెచ్చాడు."

"నీకిష్టమైన రంగని అక్కా!"

"నాకీ రంగిష్టమని నీకెవరు చెప్పారురా?"

"మీ బాత్‌రూంలో సబ్బు ఇదే రంగు కదా!"

"అది మీ ఆవిడే ఇచ్చింది. అయిపోయేదాకా వాడాలి కదాని వాడుతున్నా."

తరగతి మొదలైంది. లోపల పొడవాటి బల్ల మీద, తువ్వాలు పరిచి, ఐదు పిస్తోళ్ళు ఖాళీ చేసి పెట్టడం నా పద్ధతి. ఎవరికి ఏది సరిపోతుందో నేను చెప్పను. చేయి చెప్పాలి. మొదటి మూడూ, ఐదోదీ గౌరవనీయమైనవి. నాలుగోదాన్ని మాత్రం ఎగతాళి కోసం ఉంచాను. సైన్యంలో నాతో పనిచేసిన ఒక మిత్రుడు చనిపోయాక అతని భార్య నాకిచ్చిన త్రీ-ఎయిటీ అది. దాని తూటా నైన్‌కు తోబుట్టువే, వెడల్పు అంతే, కాని పొడవు తక్కువ, తుపాకిమందు తక్కువ. ఒంటి చేత్తో లాగినా స్లైడు వచ్చేస్తుంది, అంత మెత్తని స్ప్రింగు. ప్రతి తరగతిలోనూ దాన్ని పైకెత్తి చూపించి, "దీంతో ఉడతను కొట్టవచ్చు. కాని ఉడతకు కోపం వస్తే మీరే బాధ్యులు" అనేవాణ్ణి. పంతొమ్మిదేళ్ళలో ఆ మాటకు నవ్వని తరగతి లేదు. ఆ రోజూ అందరూ నవ్వారు. వెర్లీన్ నవ్వలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని పిస్తోలు వైపే చూస్తూ కూర్చుంది.

తొమ్మిదిన్నరకు బయట సాధన మొదలుపెట్టాం. లావెండర్ పిస్తోలు స్లైడు ఆమెకు రాలేదు. బొటనవేలి మొదట్లో కీలు అరిగిపోయింది. పియానో తీగలు బిగించే మేకులను ముప్పై ఏళ్ళు తిప్పిన చేయి అది. రెండుసార్లు ప్రయత్నించి, పెదవి కొరుక్కుంది. గార్లండ్ ముందుకొచ్చి, పిస్తోలు తీసుకుని, టక్కున లాగి, తిరిగి ఆమె చేతికిచ్చాడు.

"అంతే అక్కా. ఏముంది ఇందులో?"

"రాయిస్ వచ్చినప్పుడు కూడా నువ్వొచ్చి లాగిపెడతావా? లేకపోతే నువ్వొచ్చేదాకా కూర్చోమని వాడికి కాఫీ ఇవ్వనా?"

పక్క వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. నేను గార్లండ్‌ను, చూసేవాళ్ళు నిలబడే పసుపు గీత వెనక్కి పంపాను.

ఆమె కాల్చింది. మొదటి తూటా బొమ్మ భుజానికి తగిలింది. అంత చిన్న పిస్తోలు పేలినప్పుడు చేతిలో కుదురుగా ఉండదు. పాము తల విదిల్చినట్టు లేస్తుంది. నాలుగో తూటాకు స్లైడు వెనక్కి వస్తూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనున్న చర్మాన్ని కోసింది. ఆమె పిస్తోలు కిందికి పెట్టి, రుమాలు చుట్టుకుని, మళ్ళీ తీసుకుంది. ఇరవై అయ్యేసరికి బొమ్మ మీద ఏడు రంధ్రాలున్నాయి. వెనకాల మట్టిదిబ్బ మీద పదమూడు.

పసుపు గీత వెనక నుంచి గార్లండ్ గొంతు ఆగలేదు. "ఊపిరి బిగబట్టు అక్కా!" "ఒక కన్ను మూసుకో!" "నిమ్మకాయ పిండినట్టు పిండు!" ఈ ముగ్గురు సలహాదారుల్లో ఎవరి మాట వినాలో ఆమెకు తెలియలేదు. ముగ్గురూ గార్లండే.

ఆమె రుమాలు విప్పి చేయి నాకు చూపించింది. "పియానోకి రెండొందల పైచిలుకు మేకులుంటాయి సార్. ఒక్కోటీ ఈ చేత్తోనే తిప్పాలి. ఇది పోతే రాయిస్ రానక్కర్లేదు, నా బతుకు నేనే చెడగొట్టుకున్నట్టు."

"తుపాకీది తప్పు కాదు సార్," అన్నాడు గార్లండ్. "అక్క భయపడుతోంది. అందుకే గురి పోతోంది."

నాకు సహనం తక్కువని అందరూ అంటారు. అది నిజం కాదు. సహనాన్ని నేను అర్హులకు మాత్రమే ఖర్చు పెడతాను.

"గార్లండ్, నీ నడుముకున్నది ఇలా ఇవ్వు," అన్నాను. అతను పొంగిపోతూ ఇచ్చాడు. అందరికీ వీపు పెట్టి, అతని మేగజైనులో ఎనిమిది తూటాలు నింపాను. వాటిలో రెండు ఉత్తుత్తివి. చూడటానికి తూటాల్లాగే ఉంటాయి, పేలవు. ఏది ఎక్కడ ఉందో కాల్చేవాడికి తెలియకూడదు. శిక్షకులందరికీ తెలిసిన పాత పద్ధతి ఇది. "మీ అక్కకు ఎలా కాల్చాలో చూపించు," అని వరుసలోకి పంపాను.

గార్లండ్ కాళ్ళు వెడల్పుగా పెట్టి, భుజాలు పెంచి నిలబడ్డాడు. మొదటి రెండూ పేలాయి. మూడోసారి ట్రిగ్గరు నొక్కగానే 'టిక్' మంది. పిస్తోలు పేలలేదు, కాని గార్లండ్ పేలాడు. రెండు చేతులూ ఒక్కసారిగా కిందికి దూకాయి, గొట్టం ముక్కు బురదవైపు గింజ కోసం కోడి వంగినట్టు వంగింది, కళ్ళు గట్టిగా మూసుకుపోయాయి.  తరగతి తరగతంతా గొల్లున నవ్వింది.

"తూటా చెడ్డది సార్!" అన్నాడు గార్లండ్.

"తూటా చేయవలసిన పనే చేసింది. అలాంటిది ఇంకొకటి ఉంది. కాల్చు."

అతను కాల్చలేదు. పిస్తోలు ఖాళీ చేసి నడుముకు తగిలించుకుని, కోటు దాని మీదికి లాక్కున్నాడు. పొద్దున్నుంచి అతను చేసిన మొదటి తెలివైన పని అది.

వెర్లీన్ నవ్వలేదు. "దెబ్బ రాకముందే ముక్కు దించేశాడు," అంది, తనలో తాను లెక్క చూసుకుంటున్నట్టు. "నేనూ అదే చేస్తున్నానా సార్?"

"మీరూ అదే చేస్తున్నారు."

"ఎలా మానాలి?"

"చేయి ఒకసారి దెబ్బ తిన్నాక మరోసారి తినడానికి ఒప్పుకోదు. అది పిరికితనం కాదు, తెలివి. ముందు చేతిని కొట్టని పిస్తోలు వెతకాలి. లోపలికి రండి."

మధ్యాహ్నం క్లబ్బు ఆడవాళ్ళు చిలీ అనే వేడివేడి మాంసం-చిక్కుడుగింజల కూర, మొక్కజొన్న రొట్టె పెట్టారు. వెర్లీన్ తినలేదు. బల్ల ముందు నిలబడి ఒక్కో పిస్తోలునూ తీసింది. నేను ఎదురుగా నిలబడి ఒక్కోటీ ఖాళీగా ఉందని ఇద్దరి కళ్ళతోనూ చూశాక ఇచ్చాను. స్లైడును వేళ్ళతో లాగవద్దనీ, అరచేత్తో గట్టిగా పట్టుకుని, పిడి ఉన్న చేతిని ముందుకు తోయమనీ చెప్పాను. ప్రతి ఒక్కరూ పదిసార్లు లాగి తీరాలి, ఎందుకంటే ఒక్కసారి ఎవరైనా లాగగలరు. ఆమె రెండోదాన్ని ఎంచుకుంటుందని నాకు గట్టి నమ్మకం. ఉక్కుతో చేసిన పొట్టి నైన్ అది. నాకు తెలిసిన చిన్న పిస్తోళ్ళలో అంత మర్యాదగలది లేదు. ఆమె దాన్ని మూడుసార్లు లాగింది. నాలుగోసారి బొటనవేలు లొంగిపోయింది. మొదటిదీ, మూడోదీ, ఐదోదీ అంతకన్నా తొందరగా ఓడించాయి.

ఆమె నాలుగోదాన్ని తీసుకుంది. పదిసార్లు లాగింది. ఆగి, చేయి మార్చి, ఇంకో పదిసార్లు లాగింది. తరవాత గోడవైపు తిప్పి, ట్రిగ్గరును చాలా నెమ్మదిగా నొక్కుతూ తల పక్కకు వాల్చి విన్నది. నేను స్కూలు హాలు తలుపు దగ్గర నిలబడి ఏటా ఆగస్టులో చూసిన భంగిమే అది.

"ఇదెక్కడ వదుల్తుందో తెలుస్తోంది సార్," అంది. "పియానో మీట మెల్లిగా నొక్కితే ఒకచోట సుత్తి తనంతట తనే జారిపోతుంది. ఆ చోటు నా వేలికి తెలుసు. ఇందులోనూ అట్లాంటి చోటుంది. వాడు తెచ్చిన దాన్లో అంతా ఇసక నలిగినట్టే."

"ట్రిగ్గరు బాగుండవచ్చు. తూటా సంగతి పొద్దున చెప్పాను కదా."

"ఉడత సంగతి చెప్పారు," అంది. 

తరవాత ఆమె చేసిన పని ఆ తరగతిలో అంతవరకు ఎవరూ చేయలేదు. నడుముకు కట్టుకునే మెత్తని ఒర ఒకటి అడిగి తీసుకుని, అందులో ఖాళీ నాలుగో పిస్తోలు పెట్టుకుని, స్వెటరు పైకి కప్పుకుని, నేరుగా వెళ్ళి బల్ల కింద నేల మీద వెల్లకిలా పడుకుంది. మోకాళ్ళు మడిచి, తలకు పైగా చేతులు చాచి, బల్ల అడుగున ఏదో తిప్పుతున్నట్టు తిప్పింది. పక్కకు దొర్లి, లేచి, వంగి, మళ్ళీ కూర్చుంది.

"అక్కా, పరీక్ష అది కాదు!" గార్లండ్ చిలీ గిన్నెతో వచ్చి నవ్వాడు. "రాయిస్ బల్లకింద దాక్కోడు!"

"నేను దూరతాను కదరా. పెద్ద పియానో అడుగున పనుంటే గంట సేపు ఇట్లాగే పడుకుంటాను. అప్పుడది డొక్కలో గుచ్చుకున్నా, జారి పాస్టరు గారి కాళ్ళ దగ్గర పడ్డా, రెండో రోజే ఇంట్లో వదిలేసి వెళ్తాను. ఇంట్లో ఉన్న తుపాకి నాకెందుకు?"

ఆమె ఉక్కు నైన్‌ను కూడా అదే ఒరలో పెట్టుకుని అదే పని చేసింది. అది రెండో దొర్లుడుకే నేల మీద ఠంగుమంది. నాలుగోది కదలలేదు. మా దగ్గరికి వచ్చే మగవాళ్ళు పిస్తోలును అద్దం ముందు నిలబడి ఎంచుకుంటారు. పొట్ట లోపలికి పీల్చుకుని, పక్కకు తిరిగి, కనబడుతోందా లేదా అని చూసుకుంటారు. తాను రోజంతా చేసే పనిని వెంట తెచ్చుకుని, దానితో పిస్తోలును కొలిచిన మనిషిని నేను అప్పుడే చూశాను.

"నాకిదే కావాలి సార్. దీంతోనే పరీక్షలో కాలుస్తాను."

"అది వీలు కాదు," అన్నాను. గోడవైపు చూపించాను.

ఆమె వెళ్ళి చట్రం ముందు నిలబడి, ఆ వాక్యాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివింది. బయట ఏప్రిల్ తరగతి తేదీ రాసిన పలక గాలికి కొట్టుకుంటోంది. ఆమె దానివైపు కూడా చూసింది. చేతికి చుట్టిన రుమాలు మీద రక్తం ఎండిపోయి నల్లబడింది.

అప్పుడు మాట్లాడినవాడు గార్లండ్. ఈసారి గొంతు పెంచలేదు.

"సార్, మీరు కోప్పడనంటే ఒకటి చెప్తాను. నేను డెన్నీని మొదట అడిగింది ఇట్లాంటి త్రీ-ఎయిటీయే. అక్క బొటనవేలు సంగతి చెప్పే అడిగాను. 'అదిస్తే ప్రూయిట్ గారు సంతకం పెట్టరు, డబ్బు దండగ' అన్నాడు. మీ కాగితం జిరాక్స్ తీసి కౌంటర్ గాజు మీద అంటించాడు సార్, రెండేళ్ళయింది. ఆడవాళ్ళెవరొచ్చినా వేలు పెట్టి అదే చూపిస్తాడు. నైన్ కావాలి, చిన్నది కావాలి, అప్పుడిక మిగిలేవి ఇవే. ఈ రంగుదొక్కటే ఉంది."

 పొద్దుటి నుంచీ నేను నిందిస్తూ వచ్చిన ఆ లావెండర్ వస్తువును ఎవరు ఎంచారో ఇప్పుడు తెలిసింది. డెన్నీ చేయి అరలోకి వెళ్ళిన మాట నిజమే, కాని ఆ చేతిని ఆ అరలోకి పంపినవి నా అక్షరాలు. మూడుసార్లు చెప్పినా వినలేదని నేను నవ్వుకున్న మనిషి, నేను చెప్పినవాటిలో ఒక్కటి మాత్రం అక్షరాలా పాటించాడు. అది నేను చెప్పకుండా ఉండవలసినది. ఆ రోజు నేను డెన్నీని తిరస్కారంగా తలచుకోవడం మానలేదు. అయితే ఆ తిరస్కారం ఇప్పుడు ఇద్దరు పంచుకోవలసి వచ్చింది.

"బొమ్మ మార్చండి," అని తరగతికి చెప్పాను. "మిస్ స్ట్రౌడ్ మొదట కాలుస్తారు."

మూడు గంటలకు గాలి తగ్గింది. ఆమె మేగజైను తానే నింపుకుంది, స్లైడు తానే లాగింది. గార్లండ్ పసుపు గీత వెనక నోరు తెరవబోయి, నా ముఖం చూసి మూసుకున్నాడు. ఆమె తొందరపడలేదు. ఒక్కో తూటాకూ మధ్య ఒకే వ్యవధి ఉంది, పియానో మీద ఒకే మీటను మళ్ళీ మళ్ళీ నొక్కి వింటున్నట్టు. ఇరవై అయ్యాక నేను బొమ్మ దగ్గరికి నడిచాను. ఛాతీలో, నా అరచెయ్యి కప్పేటంత చోటులో, పంతొమ్మిది రంధ్రాలు. మిగిలిన ఒక్కటి బొమ్మ చెవి పక్కనుంచి పోయింది.

"అది ఏడో తూటా," అంది ఆమె వెనక నుంచి. "అప్పుడు రాయిస్ గుర్తొచ్చాడు. తరవాత రానివ్వలేదు."

లోపలికి వచ్చి సర్టిఫికెట్ తీసి సంతకం పెట్టాను. ఆయుధం అన్న గడిలో త్రీ-ఎయిటీ అని రాశాను. ఆ గడిలో ఆ అక్షరాలు రాయడం నాకు అదే మొదటిసారి. అక్షరాలు ఎప్పటిలాగే నిటారుగా వచ్చాయి.

"మరి మీ రూలు సార్?" అన్నాడు గార్లండ్.

"అది రాష్ట్రానిది కాదు. నాది," అని చట్రాన్ని గోడ నుంచి దించాను. వెనక గోడ మీద చట్రం ఆకారంలో తెల్లని మచ్చ మిగిలింది. మరుసటి నెల రంగు వేయించాను.

పిస్తోలు ఆమెకే ఇచ్చాను. వెల అడిగింది. చెప్పలేదు. ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా మా ఇంటికి వచ్చి, నా భార్య పోయిన తరవాత ఎవరూ ముట్టని పియానోకు రెండు గంటలు శృతి చేసి, కాఫీ తాగి వెళ్ళింది. ఒక్క మాట మాట్లాడలేదు.

రాయిస్ సోమవారం విడుదలయ్యాడు. ఆ వారంలో ఒకసారి ఆమె ఇంటికి వెళ్ళే మట్టిదారి మొదట్లో బండి ఆపాడనీ, అక్కడ గార్లండ్ ట్రక్కును దారికి అడ్డంగా పెట్టి కూర్చుని ఉండటం చూసి వెనక్కి తిప్పుకున్నాడనీ విన్నాను. గార్లండ్ అక్కడ పదకొండు రోజులున్నాడట. ఆ పదకొండు రోజులూ ఆ పెద్ద పిస్తోలు నడుముకే ఉందట. అతను దానితో ఎవరినైనా కొట్టగలడని నేను అనను. కాని అక్కడ ఉన్నాడు. రాయిస్ మే నెలలో రాష్ట్రం దాటి పోయాడు. వెర్లీన్ నెలకు రెండు శనివారాలు వచ్చి యాభై తూటాలు కాలుస్తుంది. నేను వెనక నిలబడతాను. చెప్పడానికి ఏమీ ఉండదు.

తరగతి అయిన మరుసటి మంగళవారం నేను డెన్నీ దుకాణానికి వెళ్ళాను. గాజు మీద నా కాగితం, మూలలు పసుపెక్కి, అంటించి ఉంది. దాని పక్కనే గార్లండ్ తిరిగి ఇచ్చేసిన లావెండర్ పిస్తోలు. దాని ముందు ఒక భర్త, ఒక భార్య.

"ముద్దుగా ఉంది కదూ?" అంటున్నాడు భర్త. "నీ చేతికి అచ్చు సరిపోయింది."

"మిస్టర్ ప్రూయిట్! సార్!" డెన్నీ నిటారుగా నిలబడ్డాడు. "మీ రూలు ప్రకారమే ఇస్తున్నాను సార్, నైనే—"

"ఆ కాగితం తీసెయ్, డెన్నీ."

"అంటే... ఇప్పుడు రూలేంటి సార్?"

 నేను టోపీ తీసి ఆ భార్యకు నమస్కరించి, "అమ్మా, దయచేసి దీని స్లైడు పదిసార్లు లాగి చూడండి," అన్నాను. భర్త నవ్వాడు. డెన్నీ పిస్తోలు ఖాళీ అని చూపించి ఆమెకిచ్చి, గోటితో కాగితం మూల గీకడం మొదలుపెట్టాడు. బాగా అంటుకుపోయినట్టుంది, ముక్కలు ముక్కలుగా వస్తోంది.

ఆమె మొదటిసారి లాగింది. రెండోసారి సగందాకా లాగింది. మూడోసారి ఆగి, వేళ్ళు విదిలించుకుని, పిస్తోలును గాజు మీద పెట్టింది. భర్తవైపు చూడలేదు.

"ఇంకేమున్నాయి?" అని డెన్నీని అడిగింది.